బేస్ యాంప్లిఫయర్ హెడ్: బరువూ ధరా దిగివచ్చిన క్రమం

బేస్ గిటార్ తీగల నుంచి వచ్చే బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని స్పీకర్లను కదిలించే స్థాయికి పెంచే పెట్టెను హెడ్ అంటారు. ఇందులో స్పీకరు ఉండదు. అది క్యాబినెట్ అనే వేరే పెట్టెలో ఉంటుంది. రెండూ ఒకే పెట్టెలో ఇమిడితే దాన్ని కాంబో అంటారు. ఈనాడు మామూలు వాద్యకారుడు భుజానికి సంచి తగిలించుకుని కచేరీకి తీసుకెళ్లే రెండు కిలోల హెడ్ వెనుక డెబ్బై ఏళ్లకు పైబడిన శ్రమ ఉంది. ఆ శ్రమంతా ఒకే చిక్కు చుట్టూ తిరిగింది. మంద్రస్వరం వినపడాలంటే వాట్లు కావాలి, వాట్లు కావాలంటే ఇనుమూ రాగీ కావాలి, వాటిని కొనడానికి డబ్బూ మోయడానికి మనుషులూ కావాలి.

చిక్కు మూలం భౌతికశాస్త్రంలోనే ఉంది. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఆ స్వరం గాలిలో లేపే ఒక్కో అల పొడవు 8 మీటర్ల పైమాటే. పైగా మన చెవి నడిమి స్థాయి ధ్వనులను పట్టినంత చురుగ్గా మంద్రధ్వనులను పట్టదు. 1933లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో ఫ్లెచర్, మన్సన్ చేసిన కొలతలు ఈ సంగతిని తేటతెల్లం చేశాయి. అందువల్ల పక్కనున్న గిటార్‌కు 30, 50 వాట్లు సరిపోయే చోట బేస్‌కు వందల వాట్లు కావలసి వస్తుంది. వాట్లను రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్సే. ధ్వని రెండింతలైందని చెవికి తోచాలంటే దాదాపు పది రెట్ల శక్తి పెట్టాలి.

1930ల డాన్సు బ్యాండ్లలో మంద్రస్వరం బాధ్యత నిలువెత్తు డబుల్ బేస్‌ది. ట్రంపెట్లు, డ్రమ్ముల హోరులో దాని గొంతు మునిగిపోయేది. సియాటిల్‌కు చెందిన పాల్ టట్‌మార్క్ 1930ల మధ్యలో ఆడియోవాక్స్ పేరుతో చేతిలో పట్టుకుని వాయించే ఎలక్ట్రిక్ బేస్‌ను, దానికి తోడుగా ఒక యాంప్లిఫయర్‌ను అమ్మాడు. ఆలోచన కాలం కన్నా ముందుంది, కొన్నవాళ్లు కొద్దిమందే. 1946లో న్యూయార్క్ ప్రాంతంలో ఎవరెట్ హల్ అనే వాద్యకారుడు మరో దారి పట్టాడు. డబుల్ బేస్‌ను నేల మీద నిలబెట్టే కింది మేకులో ఆయన మైకును అమర్చాడు. ఆ మేకును ఇంగ్లీషులో ‘పెగ్’ అంటారు. ఆంపెగ్ అనే కంపెనీ పేరు అక్కణ్నుంచే పుట్టింది.

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ 1951 చివర్లో ప్రెసిషన్ బేస్‌ను విడుదల చేసి, మరుసటి ఏడాది దానికోసమే బేస్‌మన్ యాంప్లిఫయర్‌ను తెచ్చాడు. 15 అంగుళాల స్పీకరు ఒకటి, పాతిక చిల్లర వాట్ల శక్తి: మొదటి బేస్‌మన్ అంతే. తర్వాత దాన్ని నాలుగు 10 అంగుళాల స్పీకర్లకు మార్చారు. 1950ల చివరి నమూనా దాదాపు 45 వాట్లకు చేరింది. అయినా మంద్రస్వరాలను గట్టిగా వాయిస్తే ధ్వని పగిలేది. గిటార్ వాద్యకారులకు ఆ పగిలిన ధ్వనే నచ్చింది. లండన్‌లో జిమ్ మార్షల్ కొట్టులోని సాంకేతికులు 1962 ప్రాంతంలో తయారుచేసిన మొదటి మార్షల్ యాంప్లిఫయర్‌కు నమూనా ఈ బేస్‌మన్ సర్క్యూటే. బేస్ కోసం పుట్టిన యంత్రం రాక్ గిటార్‌కు తల్లి అయింది, బేస్ అవసరం మాత్రం తీరలేదు. 1960ల మొదట్లో ఫెండర్ బేస్‌మన్‌ను రెండు ముక్కలు చేసి, యాంప్లిఫయర్‌ను వేరే పెట్టెలో పెట్టింది. స్పీకర్ల కుదుపు నుంచి, సంకేతాన్ని పెంచే గాజు గొట్టాలైన వాల్వులను కాపాడడానికీ, బరువును రెండు చేతుల మధ్య పంచడానికీ ఈ విభజన పనికొచ్చింది. హెడ్, క్యాబినెట్ జంట బేస్ ప్రపంచంలో స్థిరపడింది అప్పటినుంచే.

ఆంపెగ్ అదే సమస్యను ఇంకో విధంగా తీర్చింది. 1960లో జెస్ ఆలివర్ రూపొందించిన పోర్టాఫ్లెక్స్ బి-15లో యాంప్లిఫయర్‌ను క్యాబినెట్ మూతకు బిగించారు. కచేరీ అయ్యాక మూతను తిరగేస్తే అది పెట్టెలోకి దిగిపోయేది, కింద చక్రాలు ఉండేవి. శక్తి 25 వాట్లే అయినా దాని గుండ్రని, వెచ్చని ధ్వని స్టూడియోలను ఏళ్ల తరబడి ఏలింది. మోయడం సులువు కావాలన్న ఆలోచనను డిజైన్‌కు కేంద్రంగా పెట్టుకున్న తొలి బేస్ యాంప్లిఫయర్లలో ఒకటిగా దానికి దక్కాల్సిన గౌరవం ఇంకా ఎక్కువే.

1960ల నడుమ కచేరీలకు వచ్చే జనం వేలల్లోకి పెరిగారు, యాంప్లిఫయర్లు అక్కడే ఉండిపోయాయి. లివర్‌పూల్‌లో బీటిల్స్ బేస్ వాద్యకారుడు పాల్ మెకార్ట్నీ తొలినాళ్లలో వాడిన స్పీకర్ పెట్టెకు దాని ఆకారాన్ని బట్టి ‘శవపేటిక’ అని పేరు. తర్వాత ఆయన చేతికి వచ్చిన వాక్స్ టి-60 ట్రాన్సిస్టర్లతో చేసిన తొలితరం బేస్ హెడ్లలో ఒకటి. ఆనాటి ట్రాన్సిస్టర్లు వేడిని ఓర్చుకోలేవు, అది తరచూ మొరాయించేది. 1965లో న్యూయార్క్ షే స్టేడియంలో యాభై వేలకు పైగా జనం ముందు బీటిల్స్ 100 వాట్ల యాంప్లిఫయర్లతో నిలబడ్డారు. అభిమానుల కేకల కింద సంగీతం అణగిపోయింది.

దీనికి జవాబు 1969లో వచ్చింది. ఆంపెగ్ తయారుచేసిన ఎస్‌వీటీ హెడ్ శక్తి 300 వాట్లు, అందులో వాల్వులు 14, బరువు దాదాపు 40 కిలోలు. దానికి జత ఎనిమిది 10 అంగుళాల స్పీకర్ల నిలువు క్యాబినెట్. ఆ ఏడాది రోలింగ్ స్టోన్స్ అమెరికా పర్యటనలో దీని తొలి నమూనాలు వేదికెక్కాయి. దుకాణంలో కాకుండా ఊరూరా తిరిగే కచేరీల్లో, సాంకేతికుడిని వెంటబెట్టుకుని యంత్రాన్ని పరీక్షించిన సందర్భం అది. వాల్వు యాంప్లిఫయర్‌కు బరువెందుకో చెప్పుకోవాలి. వాల్వులు ఎక్కువ వోల్టేజీ, తక్కువ కరెంటు మీద పనిచేస్తాయి, స్పీకర్లకు కావలసింది దానికి తలకిందులు. మధ్యలో పెద్ద అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. స్వరం ఎంత కిందికి దిగితే దాని ఇనుప గుండె అంత పెద్దదవ్వాలి. కరెంటు సరఫరాకు ఇంకో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఎస్‌వీటీ ధ్వని ఈనాటికీ కొలబద్దగా నిలిచింది. కానీ లారీ, కూలీలు ఉన్న బృందాలకే అది అందుబాటు. వారాంతంలో బారులో వాయించే కుర్రవాడికి అది ఫొటోలో చూసే వస్తువు.

అదే రోజుల్లో లాస్ ఏంజెల్స్‌లోని అకూస్టిక్ కంపెనీ 360 అనే నమూనా తెచ్చింది. ట్రాన్సిస్టర్లతో 200 వాట్లు, మడతలు పెట్టిన కొమ్ము ఆకారపు పెట్టెలో 18 అంగుళాల స్పీకరు. జాజ్ బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ గొంతుగా ఈ యంత్రం 1970లలో ప్రసిద్ధమైంది. మెరుగైన సిలికాన్ ట్రాన్సిస్టర్లు వచ్చాక అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ అవసరం పోయింది, వాల్వులు మార్చే ఖర్చూ పోయింది.

సామాన్యుడి హెడ్ ఇక్కడే మొదలైంది. హార్ట్లీ పీవీ 1965లో మిసిసిపీ రాష్ట్రంలోని మెరిడియన్‌లో స్థాపించిన కంపెనీ, ఆడంబరం లేని, గట్టి, చవకైన ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లను చర్చిలకూ, బడులకూ, పల్లె బ్యాండ్లకూ చేర్చింది. తెలుగు ఊళ్ల మైక్ సెట్లలో అహూజా పేరు ఎలా నాటుకుందో, అమెరికా చిన్న ఊళ్లలో పీవీ పేరు అలా నాటుకుంది. వీటి ధ్వనిని చిన్నచూపు చూసిన సమీక్షకులు చాలామంది. ఒక తరం బేస్ వాద్యకారులు తమ తొలి కచేరీ వాయించింది మాత్రం వీటి మీదే, ఆ లెక్కన చరిత్రలో వీటి చోటు పెద్దది. బరువు విషయంలో మాత్రం పెద్ద మార్పు రాలేదు, కరెంటు సరఫరా ట్రాన్స్‌ఫార్మర్ అలాగే ఉండిపోయింది.

1979లో ఇంగ్లండ్‌లో ట్రేస్ ఎలియట్, 1984లో కాలిఫోర్నియాలో ఎస్‌డబ్ల్యూఆర్ మొదలయ్యాయి. స్వరాన్ని మలిచే సాధనాలను ఇవి పెంచాయి. 1983 ప్రాంతంలో గాలియన్-క్రూగర్ తెచ్చిన 800ఆర్‌బీ, 300 వాట్లను పది పదకొండు కిలోలకు దించింది. అంతకు ముందే వాల్టర్ వుడ్స్ అనే ఒంటరి పనివాడు చేతితో చేసిన చిన్న హెడ్లు జాజ్ బేస్ వాద్యకారుల చేతుల్లో తిరిగాయి. చిన్న హెడ్ సాధ్యమేనని అవి రుజువు చేశాయి. కొద్ది సంఖ్యలో తయారయ్యే వస్తువు కనుక చవక కాలేదు.

రెండు కిలోల హెడ్‌ను సాధ్యం చేసినవి రెండు మార్పులు. మొదటిది క్లాస్-డి యాంప్లిఫయర్. ‘డి’ అంటే డిజిటల్ అని చాలామంది అనుకుంటారు, కానీ అది ఎ, బి, సి తర్వాతి అక్షరం మాత్రమే. పాత పద్ధతిలో ట్రాన్సిస్టర్ సగం తెరిచిన కుళాయిలా పనిచేసి శక్తిలో పెద్ద భాగాన్ని వేడిగా వృథా చేస్తుంది. ఆ వేడిని చల్లార్చడానికి అల్యూమినియం రెక్కలు కావాలి. క్లాస్-డిలో ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకుంటుంది లేదా పూర్తిగా మూసుకుంటుంది, అదీ సెకనుకు లక్షల సార్లు. దాంతో తీసుకున్న శక్తిలో 90 శాతం దాకా స్పీకరుకు చేరుతుంది. 1964లోనే ఇంగ్లండ్‌లో సింక్లెయిర్ ఎక్స్-10 పేరుతో ఈ పద్ధతి కిట్‌ను అమ్మారు, కానీ అంత వేగంగా తెరిచి మూయగల ట్రాన్సిస్టర్లు అప్పటికి లేవు. మాస్‌ఫెట్లు అనే ట్రాన్సిస్టర్లు పరిణతి చెందాక, 1990ల చివర్లో డెన్మార్క్‌లో బ్యాంగ్ అండ్ ఓలుఫ్సెన్ అండతో ఐస్‌పవర్ మాడ్యూళ్లు వచ్చాక ఆ దారి తెరుచుకుంది. ఇలాంటి సిద్ధంగా దొరికే మాడ్యూలును కొని, స్వరాన్ని మలిచే ముందు భాగం మాత్రం తాము రూపొందించుకునే వీలు చిన్న కంపెనీలకు కలిగింది. ధరలు దిగడానికి ఇది ముఖ్యకారణం.

రెండోది స్విచింగ్ కరెంటు సరఫరా. గోడలోంచి వచ్చే 50 లేదా 60 హెర్ట్జ్ విద్యుత్తుకు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. దాన్ని ముందు వేల హెర్ట్జ్‌కు పెంచితే అరచేతిలో ఇమిడే ట్రాన్స్‌ఫార్మర్ చాలు. వీటిలో కొన్ని సరఫరాలు 100 నుంచి 240 వోల్టుల దాకా తమంతట తామే సర్దుకుంటాయి. అమెరికా నుంచి తెలుగు నేలకు వచ్చి వాయించే వాద్యకారుడికి 120, 230 వోల్టుల తేడా ఒకప్పుడు పెద్ద గండం. ఇలాంటి హెడ్‌కు ప్లగ్ మారిస్తే చాలు. ఇక 1980ల మొదట్లో కనుగొన్న నియోడిమియం అయస్కాంతాలు స్పీకర్ల బరువునూ తగ్గించాయి. 2000లలో ఇటలీకి చెందిన మార్క్‌బాస్ లిటిల్ మార్క్ హెడ్లు 500 వాట్లను మూడు కిలోల లోపుకు తెచ్చాయి. పదేళ్లు తిరిగేసరికి అంతకన్నా తేలికవి, ధరలో సగానికి దిగినవి వరుస కట్టాయి.

ధర దిగినకొద్దీ నాణ్యత మీద అనుమానం పెరిగింది, దాన్ని తీర్చే స్థలం వేదికే అయింది. దుకాణంలో వాద్యకారుడు ఒంటరి. మంద్రాన్ని పెంచి, నడిమి ధ్వనిని తగ్గిస్తే అక్కడ వినసొంపుగా ఉంటుంది. డ్రమ్ములు, రెండు గిటార్లు తోడైన వేదిక మీద ఆ ధ్వని మాయమవుతుంది. స్వరాన్ని స్వరంగా వినిపించేది ముఖ్యంగా 200 నుంచి 800 హెర్ట్జ్ మధ్య భాగం కనుక, కొత్త హెడ్‌ను మీటలన్నీ నడిమిలో ఉంచి మొదలుపెట్టడం అనుభవజ్ఞుల అలవాటు. ముందు రిహార్సల్, తర్వాత చిన్న గది, ఆ తర్వాత గోడల ఆసరా లేని ఆరుబయలు: పరీక్ష ఈ వరుసలో సాగుతుంది. పాత హెడ్ తోడుగా కారులో ఉంటుంది.

పెట్టె మీద రాసిన అంకెకూ వేదిక మీద వినపడేదానికీ దూరం ఎక్కువ. 500 వాట్లని రాసినది సాధారణంగా 4 ఓమ్‌ల లెక్క. ఒకే 8 ఓమ్‌ల క్యాబినెట్ తగిలిస్తే అందేది అందులో సగం, మహా అయితే కాస్త ఎక్కువ. కొన్ని కంపెనీలు క్షణకాలపు గరిష్ఠాన్నే పెద్దక్షరాలతో ముద్రిస్తాయి. వాల్వు హెడ్ శక్తి చివరికొచ్చినా మెత్తగా అణుగుతూ నిండుగా వినిపిస్తుంది. చవక క్లాస్-డి హెడ్‌లో అదే స్థితిలో శక్తిని హద్దులో ఉంచే లిమిటర్ అడ్డుపడి ధ్వని పలచబడుతుంది. ఎండలో, గాలి రంధ్రాలు మూసుకుపోయిన చోట రక్షణ సర్క్యూట్ ఆపేస్తుంది కూడా. రెండు కిలోల పెట్టె కాబట్టి క్యాబినెట్ అదురుకు జరుగుతూ, తీగ లాగుడుకు కిందపడే ప్రమాదమూ ఉంది. కింద రబ్బరు చాప వేయడం అందుకే.

ఈ లోపాలు భరించదగ్గవి కావడానికి ఇంకో చరిత్ర కారణం. 1960ల చివరినుంచి జనానికి ధ్వనిని అందించే పెద్ద పీఏ వ్యవస్థలు వచ్చాక హాలంతా నింపే బాధ్యత హెడ్ నుంచి మిక్సర్‌కు మారింది. హెడ్ వెనుక ఉండే డీఐ సాకెట్ నుంచి సంకేతం నేరుగా మిక్సర్‌కు పోతుంది. వాద్యకారుడికీ డ్రమ్మరుకూ వినపడితే హెడ్ పని పూర్తయినట్టే. అందుకే చవక హెడ్‌ను పరీక్షించేవాళ్లు వాట్ల కన్నా డీఐలో గరగర ఉందా, పాట నెమ్మదించినప్పుడు ఫ్యాన్ చప్పుడు వినపడుతోందా అని ముందు చూస్తారు. మరమ్మతు విషయంలో మాత్రం పాతవాటిదే పైచేయి. 1969 నాటి ఎస్‌వీటీని తెలిసిన మెకానిక్ ఈనాటికీ టంకం పెట్టి లేపగలడు. చవక హెడ్‌లో మాడ్యూలు పోతే వారంటీ తర్వాత చాలాసార్లు బోర్డునే మార్చాలి. పర్యటించే బృందాల వేదికల మీద అద్దె ఎస్‌వీటీలు ఇంకా నిలబడే ఉన్నాయి, బేస్ వాద్యకారుడి సంచిలో చిన్న హెడ్ వాటి పక్కనే ఉంటోంది.