బత్తెం ముందు, విస్తరి తర్వాత

కృష్ణ నడుమ ఉన్న కురవపురం లంకకు రాయచూరు నుంచి యాత్రికులను తీసుకెళ్లే డ్రైవరు కిరాయి కాక ‘బత్తా’ అడుగుతాడు. అదే జిల్లాలో సింధనూరు రైతు కళ్లంలో ఆరబోసేది ‘భత్త’. ఒకటి డబ్బు, ఒకటి వడ్లు. మాట మాత్రం ఒక్కటే. సంస్కృతంలో వండిన అన్నాన్ని చెప్పే ‘భక్తం’ కన్నడంలోకి వచ్చి వడ్లయింది. తెలుగులో బత్తెమై పూటబత్తెంలో చేరింది, మళ్లీ సంస్కృతం ముసుగేసుకుని జీతభత్యాల్లో కూర్చుంది. పోర్చుగీసుల నోట నలిగి ఈస్టిండియా కుంపినీ సైన్యపు ‘బట్టా’ అయింది కూడా ఈ కన్నడ వడ్లేనని 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు మొగ్గు. ఆ బట్టాలో కోత పెట్టాడనే 1766లో బెంగాల్ తెల్ల అధికారులు క్లైవు మీద మూకుమ్మడి రాజీనామాలకు దిగారు. వడ్ల మాట కోసం దొరల తిరుగుబాటు!

ఈ మాట వెంట ఒక మర్యాద నడిచివచ్చింది. దూరం నుంచి వచ్చినవాడికి వండిపెట్టడం కంటే, వండుకోవడానికి కావలసినవి ఇవ్వడమే ఇక్కడి పాత ఆతిథ్యంలో పెద్ద గౌరవం. దానికి గట్టి సాక్షి అబ్దుర్ రజాక్. హెరాత్ పాలకుడు షారుఖ్ పంపగా 1443లో విజయనగరం చేరిన ఈ రాయబారికి రెండవ దేవరాయలు రోజూ ఇప్పించినవి ఇవి: రెండు గొర్రెలు, నాలుగు జతల కోళ్లు, అయిదు మణుగుల బియ్యం, ఒక మణుగు వెన్న, ఒక మణుగు చక్కెర, రెండు వరహాలు. మణుగు ఊరికో తూకం కాబట్టి లెక్క తేలదు గానీ, ఒక్కడి పొట్టకు ఇచ్చింది కాదని తెలుస్తూనే ఉంది. అతని బలగానికీ వంటవాళ్లకూ అందరికీ కలిపి ఇచ్చిన బత్తెం అది. దర్బారుకు పిలిచినప్పుడల్లా తాంబూలం, అయిదువందల పణాల సంచి, ఇరవై మిస్కాల్ల కర్పూరం వేరు. అసలు సంగతి తర్వాత జరిగింది. అదే ఏడు దేవరాయల సేన తుంగభద్ర దాటి ముద్గల్లు పట్టుకుని, రాయచూరును ముట్టడించిందని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. రజాక్‌ను ఆదరించిన దండనాయకుడు దండు వెంట గుల్బర్గా సరిహద్దుకు వెళ్లాడు. అతని స్థానంలో కూర్చున్న అధికారి అతిథి బత్తెం ఆపేశాడు. పొమ్మని ఎవరూ అనలేదు, గొర్రెలూ బియ్యమూ రావడం మానేశాయంతే. రజాక్‌కు విషయం అర్థమైపోయింది.

ఇది మర్యాద కాదు, అంటు భయం అని ఎవరైనా అనవచ్చు. తురక అతిథితో కలిసి తినలేక పచ్చి దినుసులు పంపి చేతులు దులుపుకున్నారనవచ్చు. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆ తర్వాత దాదాపు మూడు దశాబ్దాలకు బీదరు వచ్చిన రష్యా వర్తకుడు నికితిన్, హిందువులు తురకలతోనే కాదు, తమలో తాము కూడా కలిసి తినరని రాసుకున్నాడు. ఇంటికొచ్చిన పురోహితుడికి ఇచ్చే స్వయంపాకంలోనూ ఉండేవి బియ్యం, పప్పు, కూరగాయలే కదా. అందరికంటే పరాయివాడికీ అందరికంటే పూజ్యుడికీ ఒకే పళ్లెం అందిందంటే దాన్ని ఒట్టి వెలి అనలేం. నీ పొయ్యి నీది, నీ రుచి నీది అని ఒప్పుకోవడం కూడా అందులో ఉంది.

మరి దత్తావతారంగా కొలిచే శ్రీపాద శ్రీవల్లభుల కురవపురం సంగతేమిటి? దత్త సంప్రదాయంలో మధుకరమంటే సన్యాసి ఇంటింటా భిక్షగా తెచ్చుకునే వండిన అన్నమే. ఇదీ నా వాదానికి అడ్డు కాదు. సన్యాసి అగ్నిని విడిచినవాడు, అతనికి పొయ్యి లేదు. పొయ్యి లేనివాడికి అన్నం, ఉన్నవాడికి బియ్యం. ఆ లంకకు యాత్రికులను దాటించే వెదురు బుట్ట పడవనూ, ఇరవై తూముల ధాన్యాన్నీ తెలుగులో పుట్టి అనే అంటారు. ఇది కాకతాళీయమే కావచ్చు, చెప్పకుండా ఉండలేకపోయాను.

తర్వాతి శతాబ్దాల్లో బత్తెం క్రమంగా నగదులోకి కరిగిపోయింది. డబ్బు సౌకర్యమే, కాదనను. కానీ అయిదు మణుగుల బియ్యం ఇచ్చేవాడికి అతిథి వెంట ఎందరున్నారో తెలియాలి. బత్తా ఇచ్చేవాడికి ఆ అవసరం లేదు. పోయింది ఆ ఎరుక. ఇంకో చిత్రం, రజాక్‌కు బియ్యం కొలిచిన కాలంలో కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ రాయచూరు అంతర్వేది జొన్న నేల. 1953లో పూర్తయిన తుంగభద్ర ఆనకట్ట ఎడమ కాలువ నీటితో, కోస్తా నుంచి వచ్చి క్యాంపులు కట్టుకున్న తెలుగు రైతుల చేతులతో ఇక్కడ వరి పరచుకుంది. ఆ క్యాంపుల్లో ఇంట్లో వడ్లు అంటారు, మార్కెట్ యార్డుకు వెళితే భత్త అంటారు.