పిల్లల పరుగుకు తగిన ఉడుపు

అన్నవరంలో రత్నగిరి మెట్లు ఎక్కే పిల్లలను ఒక్కమారు పరికించి చూడండి. లాగు తొడిగిన కుర్రవాడు రెండేసి మెట్లు దాటుతూ పోతాడు. పట్టుపరికిణీ కట్టిన చెల్లెలు ఒక చేత్తో కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకొని, రెండవ చేయి తల్లికి అందించి, ఒక్కొక్క మెట్టే ఎక్కుతుంది. ఇద్దరి కాళ్ళలోను సత్తువ ఉన్నది. తేడా గుడ్డలోను, కుట్టులోను ఉన్నది.

గోదావరి సీమలో కుట్టుబట్టలు వాడుకలోకి రాకముందు పసివాండ్రకు మొలత్రాడు, గోచి, ఇవే ఉడుపు. కాలువలో ఈదుటకు, చెట్టెక్కుటకు ఇంతకంటె అనువైనది లేదు. తొడలకు అడ్డు రాదు. ఒంటి చెమట గాలికి ఆరిపోతుంది. పొలములో దిగే రైతు పంచెను గోచి పోసి కట్టుట కూడ ఇందుకే. పేదరికము వలన అంతకు మించి గుడ్డ కొనలేనివారు అనేకులుండిన మాట నిజమే. అయినను గోచిని లేమికి గుర్తుగా మాత్రమే చూచుట పొరపాటు.

ఐరోపాలో పరిస్థితి వేరు. అక్కడ పసికందులను పేలికలతో బిగించి చుట్టేవారు. కొంచెము ఎదిగిన పిల్లలకు పెద్దల దుస్తులనే చిన్నవిగా కుట్టి తొడిగేవారు. ఇంగ్లండులో జాన్ లాక్ 1693లోను, ఫ్రెంచి భాషలో రూసో 1762లోను ఈ బిగింపులను ఖండించిరి. 1780 ప్రాంతమున మగపిల్లలకు చొక్కాతో బొత్తాములు కలిపిన పొడుగు లాగులు వచ్చినవి. ఆ కాలపు దొరలు ఇంకను మోకాలి వరకే బిగుతు లాగులు తొడిగేవారు. అంటే ఈ విషయములో పెద్దలే పిల్లలను అనుసరించిరన్నమాట!

పిల్లల బట్టలకు మెత్తని నూలుగుడ్డ కావలెను. ఇక్కడ మన డెల్టా పేరు ప్రపంచ చరిత్రలోకి ఎక్కినది. నరసాపురం చెంతనున్న మాధవాయిపాలెంలో 17వ శతాబ్దమున ఈస్టిండియా కంపెనీ వర్తకస్థానము నెలకొల్పినది. ఆ ఊరిపేరు ఆంగ్లేయుల నోట ‘మడపొల్లం’ అయి, అక్కడి నుండి ఎగుమతి అయిన ఒక రకపు నూలుగుడ్డకు పేరుగా నిలిచినది. లోపలి ఉడుపులకు, పాపాయిల చొక్కాలకు అది చక్కగా అమరును. 19వ శతాబ్దపు తొలి దశాబ్దముల వరకు కంపెనీ వర్తకము అక్కడ సాగినది. తరువాత అదే పేరుతో లంకాషైరు మిల్లులు గుడ్డ నేసి అమ్మినవి. పేరు మనది, మగ్గము వారిది. ఈ మార్పులో మన సాలెవారు పోగొట్టుకొన్నది కేవలము పేరు కాదు.

1846లో హోవే, 1851లో సింగర్ కుట్టుయంత్రములకు పేటెంట్లు పొందిరి. ఆ యంత్రము మన ఊళ్ళకు చేరిన తరువాత లాగు, చొక్కా సామాన్యులకును అందినవి. కాని లాగులో ఒక చిక్కున్నది. గొంతుకూర్చున్నప్పుడు పిరుదుల మీద, మోకాళ్ళ మీద చర్మము సాగును. నేతగుడ్డ అంతగా సాగదు. నాలుగు ముక్కలు కలిసే చోటనే బలమంతా పడి కుట్టు తెగును. అందుకే నేర్పరి దర్జీ ఆ మూలలో వేరొక చిన్న గుడ్డముక్క అతికి కుట్టును. లాగు చినిగినందుకు పిల్లవానికి పడే దెబ్బలలో సగము దర్జీకి చెందవలసినవే.

ఆడపిల్లల సంగతి ఆలస్యమైనది. పరికిణీ అంచున మడత వేసి కుట్టి, పిల్ల ఎదిగే కొద్దీ విప్పుట తల్లుల తెలివికి తార్కాణము. అయితే అది ఎదుగుదలకు చేసిన ఏర్పాటు, పరుగుకు కాదు. తొక్కుడుబిళ్ళ ఆడే పిల్ల పరికిణీ ఎగదోపుకొని తన ఏర్పాటు తానే చేసుకొనేది. గత శతాబ్దపు చివరి దశాబ్దములలో పంజాబీ డ్రెస్సు వ్యాపించి సైకిలు తొక్కుట సులువు చేసినది.

1941లో ఇంగ్లండున విన్ఫీల్డ్, డిక్సన్ అనువారు కనుగొన్న పాలియెస్టరు నేడు బడి దుస్తులలో నూలుతో కలిసి వచ్చుచున్నది. చినగదు, వానకాలములో త్వరగా ఆరును. కాని నూలు సాధారణ పరిస్థితులలో తన బరువులో సుమారు 8 శాతము తేమను పట్టుకొనగా, పాలియెస్టరు అర శాతమైనను పట్టుకొనదు. ఉక్కపోసే మే నెలలో అన్నవరం మెట్లెక్కే పిల్ల వీపునకు ఈ లెక్క ఎవరును చెప్పనక్కరలేదు. నిప్పు తగిలినచో పాలియెస్టరు కరిగి చర్మమునకు అంటుకొనును. కావున దీపావళి నాడు పిల్లలకు నూలుబట్టలే తొడిగించవలెను.