రాయలవారి కత్తి, మా ఇంటి కత్తిపీట

మా ఇంట్లో తరతరాలుగా ఒక మాట ఉంది. "మన పెద్దవాళ్లు రాయలవారి ఆయుధశాల చూసుకునేవాళ్లు. తొప్పూరు యుద్ధం అయ్యాక ఇక్కడే నిలిచిపోయారు." ఆయుధపూజ నాడు కొడవళ్లు, గడ్డపార, కత్తిపీట తోమి బొట్లు పెట్టేటప్పుడు తాత ఈ మాట చెప్పకుండా ఉండేవాడు కాదు. పిల్లల కోసం రాసిపెడదామని కూర్చున్నాం. రాసేముందు చదవాల్సి వచ్చింది.

ముందు యుద్ధం సంగతి. 1614లో వెంకటపతిరాయలు పోయాక సింహాసనం కోసం గొబ్బూరి జగ్గరాయుడు శ్రీరంగరాయల కుటుంబాన్ని చంపించాడు. ఒక్క కొడుకు రామదేవరాయలు మాత్రం వెలుగోటి యాచమనాయుడి పుణ్యాన బతికాడు. తంజావూరు రఘునాథనాయకుడు యాచముడి పక్షాన నిలిచాడు. మధుర, జింజి నాయకులు అటు చేరారు. 1616 ప్రాంతంలో తొప్పూరు దగ్గర జరిగిన పోరులో జగ్గరాయుడు పడిపోయాడు. అంతా నిజమే. కానీ ఆ తొప్పూరు కావేరి ఒడ్డున, తిరుచిరాపల్లి వైపు కల్లణై దగ్గరిది. మాది ధర్మపురి నుంచి సేలం పోయే దారిలో కనుమ దగ్గరి తొప్పూరు. పేరొక్కటే, ఊరు వేరు.

ఇక కొలువు సంగతి. కృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతంలో, హంపీ చూసిన పోర్చుగీసు పాయెస్ మహానవమి వేడుకల గురించి రాశాడు. రాయలు కూర్చున్నప్పుడు తాంబూలం పట్టుకున్నవాళ్లు, కత్తి పట్టుకున్నవాళ్లు పక్కనే నిలబడేవాళ్లట. చూడ్డానికి చిన్న పనులే. కానీ తాంబూలంలో విషం కలపొచ్చు, కత్తి రాజు మీదికే తిరగొచ్చు. అందుకే అవి నమ్మకస్తులకే దక్కేవి. తంజావూరు నాయక వంశానికి మూలపురుషుడైన చెవ్వప్పనాయకుడు అచ్యుతరాయల దగ్గర అడపం పట్టినవాడని చెబుతారు. అడపం పట్టిన చేతికి ఒక రాజ్యమే వచ్చిందన్నమాట!

ఇది మన దగ్గరే కాదు. అక్బరు సొంత కత్తులకు పేర్లు, హోదాలు ఉండేవని అయినే అక్బరీ చెబుతుంది. స్కాట్లండులో అయితే రాజు కవచం మోసే పదవి సీటన్ వంశంలోని ఒక శాఖకు వారసత్వ హక్కుగా ఉండేది. గోల్కొండ కోటకు వెళ్తే సిలాఖానా కనిపిస్తుంది. సిలా అంటే ఆయుధం.

మరి రాజు పోయాక ఆయుధాలు ఏమయ్యాయి? ఆ తొప్పూరులో గెలిచిన రఘునాథుడి తంజావూరు 1673లో నాయకుల చేజారింది, తర్వాత మరాఠాలది అయింది. 1855లో శివాజీ రాజు మగసంతానం లేకుండా పోయేసరికి కుంపిణీవాళ్లు కలిపేసుకున్నారు. 1860ల్లో ఆయుధశాలను ఖాళీ చేశారు. మంచివి ఏరి చెన్నపట్నం మ్యూజియానికి పంపారు. మిగతావి టన్నుల లెక్కన విరగ్గొట్టి పాత ఇనుముగా అమ్మేశారు. మిగిలినవి ఈరోజుకీ ఎగ్మూరులో అద్దాల వెనక చూడొచ్చు.

ఇదంతా చదివాక తాత మాటను ఏం చేయాలో ఇంట్లో పెద్ద చర్చే అయింది. ఏ శాసనంలోనూ మా పేరు మాకు కనబడలేదు. "కొట్టేద్దాం" అన్నారు పిల్లలు. "ఆయన మాటను కొట్టేయడానికి మనమెవరం?" అంది అవ్వ. చివరికి రెండూ రాశాం: ఇది మా ఇంటి మాట, ఇది చరిత్ర మాట అని వేరువేరుగా. మీ ఇళ్లలోనూ ఇలాంటి మాటలుంటే అలాగే రాసిపెట్టండి.

రాయలవారి కత్తి మా పెద్దలు మోశారో లేదో గానీ, ఇంట్లో ఇనుముకు తుప్పు పట్టనివ్వకూడదనే పట్టింపు మాత్రం మాకు వాళ్ల నుంచే వచ్చింది. ఈ నవమికి కత్తిపీట తోమే వంతు మనవరాలిది.