గుడ్డు నుంచి నది దాకా: మొసళ్ల పరిరక్షణకు యాభై ఏళ్లు

పులుల కోసం మన దేశం 1973లో ఒక ప్రాజెక్టు ప్రారంభించింది. రెండేళ్లు తిరిగేసరికి మొసళ్ల కోసం ఇంకొకటి మొదలైంది. మొదటిదాని పేరు బడిపిల్లలకు కూడా తెలుసు. రెండోదాన్ని తలచుకునేవారు తక్కువ. గజేంద్ర మోక్షం విని పెరిగిన మనకు మొసలి మీద జాలి పుట్టడం కష్టమే కావచ్చు. కానీ ఈ యాభై ఏళ్ల కథ మొసలికి మాత్రమే సంబంధించింది కాదు, మన నదులది కూడా.

దేశంలో మొసళ్లు మూడు జాతులు. నదుల్లో, చెరువుల్లో, జలాశయాల్లో కనిపించే మగ్గర్ ఒకటి. మడ అడవుల్లో బతికే ఉప్పునీటి మొసలి రెండోది. సన్నటి పొడవాటి మూతితో చేపలు పట్టి తినే ఘరియాల్ మూడోది. ఇరవయ్యో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి ఈ మూడింటికీ గడ్డుకాలం దాపురించింది. తోలు కోసం వేటాడారు, గుడ్లు ఏరుకుపోయారు. నైలాన్ వలల్లో చిక్కుకుని ఊపిరాడక చచ్చినవి చచ్చాయి. ఆనకట్టలు కట్టాక నదుల నడకే మారిపోయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు అడ్డుకట్ట వేసింది కానీ, అప్పటికే మిగిలినవి బహు కొద్ది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తరఫున వచ్చిన హెచ్.ఆర్. బస్టర్డ్ 1974లో పరిస్థితిని పరిశీలించి నివేదిక ఇచ్చారు. దేశం మొత్తం మీద ఘరియాల్‌లు 200 లోపే ఉంటాయని అప్పటి అంచనా.

1975లో ఒడిశాలో పని మొదలైంది. మహానది ఒడ్డున టికర్‌పడాలో ఘరియాల్‌లకు, భితరకనికలోని డంగమాల్‌లో ఉప్పునీటి మొసళ్లకు కేంద్రాలు వెలిశాయి. పద్ధతి వినడానికి తేలికే: అడవిలో పెట్టిన గుడ్లు తెచ్చి పొదిగించి, పిల్లల్ని పెంచి, తిరిగి నదిలో వదలడం. చేతిలోకి తీసుకున్నాకే అది ఎంత సున్నితమైన పనో తెలుస్తుంది. ఘరియాల్ వేసవిలో ఇసుక తిన్నెలో గొయ్యి తీసి గుడ్లు పెడుతుంది. లోపలి పిండం గుడ్డు పైభాగానికి అతుక్కుని ఉంటుంది కాబట్టి గుడ్డును బోర్లిస్తే బిడ్డ దక్కదు. అందుకే సిబ్బంది ఒక్కో గుడ్డును కదిపేముందు దాని పైభాగాన పెన్సిల్‌తో గుర్తు పెడతారు. ఆ గుర్తు పైకే ఉండేలా ఇసుక నింపిన పెట్టెల్లో సర్ది తీసుకెళతారు. పుట్టేది ఆడో మగో తేల్చేది కూడా పొదిగే వేడే. ఒకటి రెండు డిగ్రీల తేడా చాలు. పిల్లలు సుమారు మూడేళ్లు పెరిగి, నాలుగడుగుల పొడవు దాటాక, తోక మీది పొలుసుల్ని గుర్తుగా కత్తిరించి నీళ్లలో విడిచిపెడతారు.

భువనేశ్వర్ దగ్గరి నందన్‌కానన్ జూకు మగ ఘరియాల్‌ను జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ జూ నుంచి తెప్పించారు. 1980లో అక్కడ పిల్లలు పుట్టాయి. బందీగా ఉన్న ఘరియాల్‌లు సంతానం కనడం ప్రపంచంలో అదే మొదలు. మద్రాసుకు దక్షిణాన సముద్రతీరంలో రోములస్ విటేకర్, జై విటేకర్ 1976లో ప్రారంభించిన క్రొకడైల్ బ్యాంకులో మగ్గర్లు వందలుగా పెరిగాయి. ఈ ఉద్యమంలో మన వంతూ ఉంది. మొసళ్ల పెంపకంలో అటవీ ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థను హైదరాబాద్‌లోనే నెలకొల్పారు. సంగారెడ్డి దగ్గర మంజీర జలాశయాన్ని 1978లో మగ్గర్ల కోసం అభయారణ్యంగా ప్రకటించారు. జంటనగరాల తాగునీరూ మొసళ్ల నివాసమూ ఒకే నీటిలో ఉన్న చోటు అది.

పెంపకం ఇలా ఫలించాక అసలు చిక్కు బయటపడింది. పిల్లలున్నాయి, వదలడానికి చోటు లేదు. మగ్గర్లు ఎంతగా పెరిగాయంటే, 1990ల నడుమకు వచ్చేసరికి విడిచిపెట్టే కార్యక్రమాన్ని ప్రభుత్వమే ఆపేసింది. మహానదిలో ఏళ్ల తరబడి వందల ఘరియాల్ పిల్లల్ని వదిలినా అవి నిలదొక్కుకోలేదు. సుమారు నాలుగు దశాబ్దాల తర్వాత, 2021లో గానీ ఆ నదిలో సహజంగా గుడ్లు పగిలి పిల్లలు బయటికి రాలేదు. చంబల్‌లో పరిస్థితి మెరుగు. మూడు రాష్ట్రాల మీదుగా సాగే అభయారణ్యం అండతో ఘరియాల్‌కు ఆ నదే పెద్ద దిక్కయింది. అక్కడ కూడా 2007-08 చలికాలంలో వందకు పైగా ఘరియాల్‌లు మూత్రపిండాలు చెడి చచ్చిపోయాయి. చంబల్ వెళ్లి కలిసే యమునలోని కాలుష్యం చేపల ద్వారా వాటి ఒంట్లోకి చేరిందని నిపుణులు అనుమానించారు. ప్రపంచంలో అంతరించిపోయే ముప్పు అత్యధికంగా ఉన్న జాతుల జాబితాలో ఘరియాల్ చేరింది కూడా 2007లోనే.

భితరకనిక కథ వేరు. 1970ల నడుమ అక్కడ ఉప్పునీటి మొసళ్లు వంద కూడా లేవు. ఇటీవలి లెక్కల్లో అవి 1,800 దాటాయి. పిల్లల్ని వదలడంతో పాటు మడ అడవినీ కాపాడారు కాబట్టే ఇది సాధ్యమైంది. దాని మూల్యం మాత్రం ఏటి గట్టు పల్లెలవాళ్లు చెల్లిస్తున్నారు. స్నానానికి, చేపలకు నీళ్లలోకి దిగి మొసళ్ల బారిన పడినవారున్నారు. ఆ కుటుంబాలకు అండగా నిలవడం, రేవుల చుట్టూ రక్షణ కంచెలు కట్టడం కూడా పరిరక్షణలో భాగమే.

యాభై ఏళ్ల అనుభవం తేల్చింది ఇదే: గుడ్డును మనిషి పొదిగించగలడు, నదిని పొదిగించలేడు. ఇసుక తిన్నె తవ్వుకుపోయిన చోట ఏ మొసలీ గుడ్లు పెట్టదు. చంబల్ అయినా, మంజీర అయినా, మన గోదావరి, కృష్ణలైనా సూత్రం ఒకటే. మొసలిని కాపాడే పని ఇప్పుడు పెంపక కేంద్రాల చేతుల్లో కన్నా ఇసుక తవ్వకాలకు అనుమతులిచ్చే కార్యాలయాల్లో, వ్యర్థజలాలు వదిలే కర్మాగారాల్లో, వాటిని నిలదీయాల్సిన మన గొంతుల్లో ఎక్కువగా ఉంది. మీ ఊరి ఏట్లో ఇసుక తిన్నె మిగిలి ఉంటే, దాన్ని మిగలనిచ్చే బాధ్యత మీదీ, మాదీ.