హిడెన్ ప్యాలెస్ జోన్

హిడెన్ ప్యాలెస్ జోన్ (తెలుగులో చెప్పవలెనన్న "రహస్య సౌధము") సెగా సంస్థవారి సోనిక్ ది హెడ్జ్‌హాగ్ 2 అను వీడియో గేమునకు చెందిన ఒక అంచె. 1992 నవంబరులో మెగా డ్రైవ్ యంత్రము కొరకు విడుదలైన ఆటలో దీనికి చోటు దక్కలేదు. సగములో విడిచిన ఈ అంచెను 21 సంవత్సరముల తరువాత, 2013 డిసెంబరులో, అదే ఆట యొక్క మొబైల్ ఫోను ప్రతిలో పూర్తిచేసినారు. అసంపూర్ణమైన అంచెను ఏ విధముగా మెరుగుపరచవచ్చునో తెలుసుకొనుటకు ఇది చక్కని ఉదాహరణము.

నేపథ్యము

పాత్రను పరుగెత్తించుచు, ఒక మెట్టు నుండి మరొక మెట్టుకు దుమికించుచు ఆడు ఆటలను ప్లాట్‌ఫారం ఆటలు అందురు. ఈ ఆటలో కథానాయకుడు సోనిక్ అను నీలిరంగు ముళ్ళపంది. ఆటను కాలిఫోర్నియాలోని సెగా టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో తయారుచేసినారు. ప్రోగ్రామింగ్‌కు యూజీ నాకా, అంచెల రూపకల్పనకు హిరోకజు యసుహారా, సంగీతమునకు మసాతో నకమురా ప్రధాన బాధ్యులు. విడుదలైన ఆటలో 11 జోనులు, వాటిలో మొత్తము 20 యాక్టులు ఉన్నవి. ఆట అంతయు ఒక మెగాబైటు కార్ట్రిడ్జ్‌లో ఇమడవలెను, గడువు కూడ దగ్గరపడినది. కనుక కొన్ని అంచెలను వదలుకొనక తప్పలేదు.

తొలి రూపము

ఈ అంచె చిత్రములను క్రెయిగ్ స్టిట్ గీసినాడు. భూగర్భములో ఒక గుహ, అందులో మెరయు స్ఫటికములు, జలపాతములు, వంతెనలు, నిప్పు కక్కు రెడ్జ్ అను డైనోసారు ఆకారపు యంత్రము మొదలగునవి ఇందు కనిపించును. ఆట విడుదలకు పూర్వమే ఈ చిత్రములు పత్రికలలో వచ్చినవి. ఆట కొన్నవారు ఆ గుహ కొరకు వెదకి నిరాశపడినారు. వారికి దొరికినది ఒక్క ఆనవాలు మాత్రమే: సౌండ్ టెస్టులో 10వ సంఖ్య వద్ద, ఆటలో మరెక్కడను వినిపించని ఒక రాగము.

1990ల చివర ఆట యొక్క తొలి నమూనా ప్రతి ఒకటి అంతర్జాలములో బయటపడినది. అప్పుడు గాని అసలు సంగతి తెలియలేదు. చిత్రములు దాదాపు సిద్ధముగా ఉన్నవి గాని ప్రయాణము సిద్ధముగా లేదు. కొంత దూరము పోయిన తరువాత ఒక పెద్ద పచ్చమణి దారికి అడ్డముగా నిలుచును. అది ఎందుకున్నదో, దానిని ఏమి చేయవలెనో ఆటగానికి తెలియదు. ముగింపును తెలుపు ఫలకము లేదు, చివర ఎదుర్కొనవలసిన బాస్ (నాయక శత్రువు) లేడు.

ఏడు మరకతములు సేకరించిన సోనిక్ ఈ సౌధములోనే సూపర్ సోనిక్‌గా మారు శక్తిని పొందవలెనని మొదటి ఆలోచన. విడుదలైన ఆటలో మరకతములు చేతికి రాగానే ఆ శక్తి వచ్చును, దానికొక స్థలము గాని సందర్భము గాని లేవు. అంచె పోవుటతో కథలో ఒక మెట్టు కూడ పోయినదన్నమాట.

మెరుగుపరచిన విధము

2013 ప్రతిని క్రిస్టియన్ వైట్‌హెడ్, సైమన్ థామ్లీ రూపొందించినారు. మణుల సంఖ్యను, శత్రువుల సంఖ్యను పెంచి ఊరుకొన్నచో అంచె నిండుగా కనిపించెడిదే గాని లోపము తీరెడిది కాదు. వారు చేసిన పనులలో మేలైనది ప్రవేశ మార్గము.

మిస్టిక్ కేవ్ జోన్ రెండవ యాక్టులో అడుగున ముళ్ళున్న ఒక లోతైన గొయ్యి కలదు. 1992 ఆటలో అందులో పడినవానికి బయటపడు దారి లేదు, గోడలు దుముకునకు అందవు. సూపర్ సోనిక్ స్థితి మరింత దయనీయము. ముళ్ళు అతనిని ఏమియు చేయలేవు, కనుక సెకనుకు ఒకటి చొప్పున రింగులన్నియు కరిగిపోవు వరకు అక్కడే నిలిచి వేచియుండవలెను. చేసిన పొరపాటుకు శిక్ష ఉండవచ్చును గాని, దిద్దుకొనుటకు అవకాశమే లేని శిక్ష ఆటగానికి ఏమియు నేర్పదు. 2013 ప్రతిలో ఈ గోతిలో పడినవాడు నేరుగా హిడెన్ ప్యాలెస్ జోనులో తేలును. ఒకే మార్పుతో ఒక అంచెలోని అన్యాయము తొలగినది, మరొక అంచెకు వాకిలి దొరికినది. "రహస్యము" అను పేరు కూడ సార్థకమైనది.

ఇక మిగిలినది, దారిని ఆసాంతము కూర్చి, చివర డాక్టర్ ఎగ్‌మన్‌తో కొత్త పోరాటమును చేర్చుట. మొత్తము ఒకే యాక్టుగా ముగించినారు.

తీరని లోటు

సూపర్ సోనిక్ శక్తికి ఈ స్థలముతో ఉండవలసిన సంబంధమును 2013 ప్రతి పునరుద్ధరించలేదు. ఏడు మరకతములతో వచ్చినవానికి సౌధములో ప్రత్యేక దృశ్యమొకటి ఎదురైనట్లు చేసియుంటే మొదటి ఆలోచన కొంతవరకు నెరవేరెడిది. అట్లే, పూర్తిచేసిన రూపమును 1992 నాటి రూపకర్తల ఉద్దేశముగా భావించరాదు, అది 2013 నాటి కల్పన. పాత రూపమును పోలిన ప్రోటో ప్యాలెస్ జోన్‌ను కూడ అదే ప్రతిలో రహస్యముగా ఉంచుట వలన రెండింటిని పోల్చి చూచు వీలు కలిగినది.

2022లో వెలువడిన సోనిక్ ఆరిజిన్స్ సంకలనములో ఈ అంచె కూడ చేరినది. 1994 నాటి సోనిక్ అండ్ నకల్స్ ఆటలో ఇదే పేరుతో ఉన్న అంచె వేరు.