ఒకే పొయ్యి, ఒకే పోపు

ఎస్సార్ నగర్. సాయంత్రం ఏడున్నర దాటింది. మెట్రో మెట్ల కింద నుంచి సందులోకి తిరగగానే కర్రీ పాయింట్. స్టీలు గిన్నెల ముందు మీ ఈడు వాళ్లే నలుగురైదుగురు నిలబడి పప్పు, వేపుడు పొట్లాలు కట్టించుకుంటున్నారు. కాళ్లు అలవాటుగా అటే లాగుతాయి. ఇవాళ ఆగకండి. చేతిసంచిలో ఎర్రగడ్డ రైతుబజార్‌లో కొన్న టమాటాలు, ఉల్లిగడ్డలు, పచ్చిమిర్చి, కొత్తిమీర, కరివేపాకు ఉన్నాయి. 1999లో మొదలైన ఈ బజార్లలో ధర బోర్డు మీదే రాసి ఉంటుంది. బేరం చేతకాని కొత్తవాళ్లకు అంతకన్నా మంచి చోటు లేదు.

మూడంతస్తులెక్కి గది తలుపు తీస్తారు. వంటిల్లంటూ వేరే లేదు. కిటికీ కింద కడప బండ, దాని మీద ఒంటి పొయ్యి, పక్కన 5 కిలోల సిలిండరు, మూడు లీటర్ల కుక్కరు, రెండు గిన్నెలు, ఒక పోపు గరిటె. మూలన ఊరి నుంచి తెచ్చుకున్న బీపీటీ బియ్యం బస్తా. 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి విడుదలైన సాంబ మసూరి అదే. సన్న బియ్యమనగానే మన వాళ్లకు ఈనాటికీ ముందు దాని పేరే గుర్తొస్తుంది.

మీతో గదిలో ఉండే అన్న అప్పటికే గ్లాసు కందిపప్పు నానబెట్టి ఉంచాడు. గింజ ఒకటి తీసి గోటితో నొక్కి చూడండి. సులువుగా విరిగింది. నానిన పప్పు త్వరగా ఉడుకుతుంది, ఆ మేరకు గ్యాసు మిగులుతుంది. ఆ నీళ్లు వంపేసి మీరు కుళాయి తిప్పబోతారు.

"ఆగు తమ్మీ, గవి బోరు నీళ్లు. గంటసేపు ఉడికినా పప్పు పలుకు పలుకే ఉంటది. క్యాన్ల నీళ్లు పొయ్యి."

నిజమే. కఠిన జలంలో పప్పు సరిగా మెత్తబడదు. కడగడానికి బోరు నీళ్లు చాలు, ఉడకడానికి మాత్రం తాగే నీళ్లు కావాలి. గ్లాసు పప్పుకు మూడు గ్లాసులు పోశారు. చిటికెడు పసుపు, అర చెంచా నూనె. ఆ నూనె రుచి కోసం కాదు, పప్పు నురగ పొంగి విజిల్ రంధ్రానికి అడ్డం పడకుండా. నాలుగు టమాటాలు, చీల్చిన పచ్చిమిర్చి ఐదు పైన వేశారు. కలపకండి, పైనే ఉండనివ్వండి. చింతపండు మాత్రం ఇప్పుడు వేయకూడదు. పులుపు ముందే తగిలితే పప్పు బిర్రబిగుస్తుంది. ఉడికాకే పులుపు, ఉడికాకే ఉప్పు.

మూడో విజిల్ వచ్చింది. చిన్న మంట మీద ఇంకో రెండు నిమిషాలుంచి దించేశారు. మూత తీయాలని చెయ్యి దురద పెడుతుంది. తీయకండి. ఆవిరి దానంతటదే దిగాలి. ఆ లోపు పొయ్యి ఖాళీగా ఎందుకుండాలి? బియ్యం గిన్నె ఎక్కించండి. గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు. పాత బియ్యమైతే ఇంకాస్త ఎక్కువ, కొత్త బియ్యమైతే తక్కువ. పొంగు వచ్చాక మంట తగ్గించి మూత పెడితే అన్నం పని అన్నం చూసుకుంటుంది.

ఇక పచ్చిపులుసు. తెలంగాణ ఇళ్లలో కూరగాయలు లేని రోజున ఆదుకునేది ఇదే. వంట రానివాడికి దీన్ని మించిన వంటకం లేదని నా అభిప్రాయం. పొయ్యి మీద ఉడకాల్సిందేమీ లేదు, మాడిపోయే ప్రమాదం అసలే లేదు. నిమ్మకాయంత చింతపండు నానింది. పిసికి, పిప్పి తీసేసి, అర లీటరు నీళ్లు కలిపారు. సన్నగా తరిగిన ఉల్లిగడ్డ మీద ఉప్పు చల్లి వేళ్లతో గట్టిగా నలిపి ఆ పులుసులో వేయండి. కళ్లు మండుతున్నాయి కదా, ఆ చేత్తో తుడుచుకోకండి. అన్నం గిన్నె దించిన మరుక్షణం రెండు పచ్చిమిర్చి సెగ మీద పట్టి, తొక్క నల్లబడి చిటపటమన్నాక అందులోకే చిదిపి వేయండి. చిటికెడు జీలకర్ర పొడి, గుప్పెడు కొత్తిమీర.

కుక్కరు ఈలోగా చల్లారింది. మూత తీయగానే టమాటా పులుపుతో కలిసిన పప్పు వాసన ముఖానికి కొడుతుంది. గరిటె వెనక్కి తిప్పి మెదపండి. మరీ గుజ్జు చేయకండి, అక్కడక్కడ బద్ద తగలాలి. ఇప్పుడు ఉప్పు, కాస్త చింతపండు రసం వేసి పొయ్యి మీద ఒక్క ఉడుకు.

అసలు పరీక్ష ఇప్పుడే. పోపు గరిటెలో మూడు చెంచాల నూనె. ఒక్క ఆవగింజ వేసి చూడండి. అడుగున మెదలకుండా పడుంది. అంటే నూనె కాగలేదు. నిలబడండి. ఇంకో గింజ వేస్తే టప్పుమని పైకి లేచింది. ఇప్పుడు చెంచాడు ఆవాలు. గింజలు ఎగిరి మణికట్టు మీద పడతాయి, చెయ్యి వెనక్కి తీయబోతారు.

"భయపడకు. ఆ సప్పుడు తగ్గినంక జీలకర్ర ఎయ్యి."

జీలకర్ర రంగు తిరిగింది. తుంచిన ఎండుమిర్చి, తొక్కతోనే చితక్కొట్టిన వెల్లుల్లి. వెల్లుల్లి అంచు ఎర్రబడింది. మంట ఆపేశాకే కరివేపాకు. కడిగిన తడి ఆరలేదు కాబట్టి ఒక్కసారిగా చిటపటమంటుంది. ఇదంతా నిమిషం లోపు పని. ఆ నిమిషంలో ఫోన్ చూశారా, వెల్లుల్లి మాడి పప్పంతా చేదెక్కుతుంది. గదిలో వంట మొదలుపెట్టేవాళ్లు చాలామంది గరం మసాలా ప్యాకెట్ల మీద డబ్బు తగలేస్తారు. ఆ డబ్బుతో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి కొనుక్కుని ఈ ఒక్క నిమిషం నేర్చుకుంటే చాలు.

పోపు సగం పప్పులోకి, సగం పచ్చిపులుసులోకి. రెండు గిన్నెలూ చుయ్యిమన్నాయి. వెంటనే మూతలు పెట్టండి, ఘుమాయింపు బయటికి పోకూడదు. పోపు గరిటెలో నూనె అంటుకుని ఉందిగా, దాన్ని కడగకండి. అందులో రెండు ముద్దల అన్నం వేసి అన్న మీ చేతికిస్తాడు. మన ఇళ్లలో వంట చేసినవాళ్లకు దక్కే కూలి అది.

గదిలో ఉండే మూడో మిత్రుడు అప్పుడే వచ్చి, బ్యాగు మంచం మీద పడేసి నేరుగా కంచం ముందు కూర్చున్నాడు. మొదటి వాయి పప్పన్నం, రెండో వాయి పచ్చిపులుసు. నంజుకోవడానికి ఊరగాయ ఉంటే సరే, లేకపోతే పచ్చి ఉల్లిగడ్డ ముక్క. ముగ్గురూ కడుపునిండా తిన్నా గిన్నెలో పప్పు ఇంకా కాస్త మిగిలింది. పొద్దున దాంట్లో నీళ్లు, చింతపండు రసం పోసి మరిగిస్తే పప్పుచారు అవుతుంది.

రేపు టమాటాకు బదులు దోసకాయ వేయండి, ఎల్లుండి పాలకూర, ఆ తర్వాత సొరకాయ. పప్పు, నీళ్ల కొలత ఇదే, పోపు ఇదే. ఆకుకూర అయితే ఇసుక పోయేదాకా మూడు నీళ్లలో కడగండి, సొరకాయ అయితే ముక్క పెద్దగా కోయండి. మధ్యాహ్నం బయటికి వెళ్లేటప్పుడు గ్లాసు పప్పు నానేసి వెళ్లడం మాత్రం మరవకండి.