సమాధి లేని సైనికుడు.. తిథి తెలియని మరణం
యుద్ధ ఖైదీల ఆచూకీకి పాత రికార్డులే ఆధారం

కర్నూలు, కడప: పట్టుబడిన రోజు వేరు, ప్రాణం పోయిన రోజు వేరు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సేనలకు చిక్కి చెరలోనే మరణించిన భారత సైనికుల్లో అనేకుల విషయంలో రికార్డులకెక్కినది మొదటి తేదీయే. కరవు సీమ నుంచి పట్టాళంలో చేరి తిరిగిరాని వారి వివరాలు వెదికే కుటుంబాలు ముందుగా గమనించవలసిన విషయమిదే.

సింగపూర్ పతనం
1942 ఫిబ్రవరి 15న సింగపూర్‌లో బ్రిటిష్ సైన్యం లొంగిపోయింది. అదే నెల 17న భారత సైనికులను ఫారర్ పార్కు మైదానంలో సమావేశపరిచి జపాన్ అధికారులకు అప్పగించారు. వారిలో వేలాది మంది ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారు. చేరని వారిలో పలువురిని 1943లో ఓడల్లో పసిఫిక్ దీవులకు తరలించి కూలి పనులకు నియోగించారు. న్యూగినీలోని వీవాక్ ప్రాంతానికి చేరిన సుమారు 3,000 మందిలో అత్యధికులు ఆకలికి, రోగాలకు, హింసకు బలయ్యారు. బతికి బయటపడిన కొద్దిమందిలో ఒకరైన జమేదార్ చింత్ సింగ్ యుద్ధానంతర విచారణల్లో సాక్ష్యమిచ్చారు. స్వదేశానికి బయలుదేరిన ఆయన సహచరుల్లో అధికులు 1945లో విమాన ప్రమాదంలో మరణించారు.

భారతీయులు యుద్ధ ఖైదీలే కారని, స్వచ్ఛందంగా తమతో చేరినవారని జపాన్ అధికారులు వాదించారు. పలావు దీవులకు తరలించిన భారత ఖైదీల మరణాలపై 1946 జనవరిలో సింగపూర్‌లో మొదలైన విచారణలోనూ ఇదే వాదన వినిపించింది. సింగపూర్‌లో జరిగిన యుద్ధ నేరాల విచారణల్లో అదే మొదటిది.

గుర్తించలేని అవశేషాలు
పాపువా న్యూగినీలోని లే యుద్ధ శ్మశానవాటికలో 2,818 సమాధులున్నాయి. వాటిలో 444 ఎవరివో నేటికీ తెలియదు. వీటిలో వీవాక్ పరిసరాల్లో కూలి పనులు చేస్తూ చనిపోయిన వారివీ ఉన్నాయి. అడవుల్లో, పని చేసిన చోటనే పూడ్చిపెట్టిన దేహాలను యుద్ధం ముగిశాక వెలికితీసినప్పటికీ, ఏ దేహం ఎవరిదో తేల్చే ఆధారాలు మిగలలేదు.

సమాధి తెలియని వారి పేర్లను స్మారక స్తంభాలపై చెక్కారు. సింగపూర్‌లోని క్రాంజీ వద్ద 1957 మార్చి 2న ఆవిష్కరించిన స్మారకంపై 24,000కు పైగా పేర్లున్నాయి. దాని వెనుకనే, మతాచారం ప్రకారం దహనం చేసిన దాదాపు 800 మంది కోసం మరో స్మారకం ఉంది. వీరిలో ఎక్కువ మంది భారత సైనికులు. బర్మా రంగంలో మరణించి సమాధి దొరకని వారి పేర్లు రంగూన్ సమీపంలోని తౌక్యాన్ స్మారకంపై ఉన్నాయి.

తేదీ విషయంలో జాగ్రత్త
మరణించిన రోజు తెలియని వారికి, వారు పట్టుబడిన లేదా కనిపించకుండా పోయిన తేదీనే రికార్డుల్లో నమోదు చేశారు. కనుక 1942 ఫిబ్రవరి 15 అని ఉన్నంత మాత్రాన ఆనాడే మరణించారని భావించరాదు. ఆ తరువాత నెలలో, సంవత్సరాలో చెరలో జీవించి ఉండవచ్చు. తిథి తెలియని పితరులకు మహాలయ అమావాస్య నాడు తర్పణం విడిచే ఆచారం మన ప్రాంతంలో ఉన్నదే. రికార్డులోని తేదీని తిథిగా స్వీకరించే ముందు కుటుంబీకులు ఈ సంగతి తెలుసుకోవడం అవసరం.

వెదకడం ఎలా?
కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం వెబ్‌సైట్‌లో పేర్లను ఉచితంగా వెదకవచ్చు. పలువురి వివరాల్లో తండ్రి పేరు, గ్రామం, జిల్లా కూడా ఉంటాయి. అయితే కింది అంశాలు గుర్తుంచుకోవాలి.

* ఆంగ్లంలో కడప పేరు 2005 వరకు 'సి' అక్షరంతో మొదలయ్యేది. 'కె' అక్షరంతో వెదికితే పాత నమోదులు దొరక్కపోవచ్చు.
* గిద్దలూరు, మార్కాపురం, కంభం ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లాలోనివే.
* ఆదోని, ఆలూరు 1953 వరకు బళ్లారి జిల్లాలో ఉండేవి. బనగానపల్లె 1948 వరకు ప్రత్యేక సంస్థానం.
* పేర్లను విన్నట్టుగా ఆంగ్లంలో రాసుకున్నారు. ఇంటిపేరు లేకపోవడం, అక్షరాలు మారడం సాధారణం. అందుచేత పేరు కంటే సైనిక సంఖ్య నమ్మదగిన ఆధారం.

పాత పింఛను కాగితాలు, పతకాల అంచులు, మనియార్డరు రసీదుల్లో ఆ సంఖ్య కనిపించే అవకాశముంది. అది దొరికితే మద్రాసు శాపర్లకు చెందినవారైతే బెంగళూరులోని మద్రాస్ ఇంజినీర్ గ్రూప్‌ను, మద్రాస్ రెజిమెంటువారైతే నీలగిరి జిల్లా వెల్లింగ్టన్‌లోని కేంద్రాన్ని సంప్రదించవచ్చు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఇందుకు దారి చూపగలవు.

పేరులో తప్పులుంటే ఆధారాలు జతచేసి సవరణ కోరే అవకాశం కూడా ఉంది. అవశేషాలు గుర్తించే ఆశ లేకపోయినా, రాతిపై పేరు సరిగా ఉండడం, అది ఫలానా ఊరి మనిషిదని ఇంట్లోవారికి తెలియడం మాత్రం ఇప్పటికీ సాధ్యమే.